విసనకర్ర తాళం

ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి రంగులు వేయిస్తూ, మెయిన్ స్విచ్ చుట్టూ గోడకు అంటిన పసుపు వేలిముద్రలు చూసి ఆగిపోయాను.

చిన్నప్పుడు సాయంత్రం నేను టీవీ ముందు కూర్చోగానే కరెంటు పోయేది. అమ్మ పసుపు అంటిన చేతులతోనే వంటింట్లోంచి వచ్చి, "ఫికర్ చెయ్యకు బిడ్డా, వచ్చేదాంక జర పాడు" అనేది. విసుక్కుంటూనే హార్మోనియం ముందుకు లాక్కునేదాన్ని. అమ్మ పక్కన కూర్చుని విసనకర్ర ఊపేది. నా లయ తప్పితే ఆ గాలి ఆగిపోయేది. ఉక్కపోత భరించలేక సరిచేసుకునేదాన్ని.

"పక్కింట్ల లైటున్నది గదనే?" అని ఒకసారి అడిగాను.

"వాళ్ల లైను వేరే" అంది. నమ్మాను.

ఇవాళ నేను పిల్లలకు సంగీతం చెబుతున్నానంటే ఆ చీకటి చలవే.

అమ్మను పిలిచి గోడ చూపించాను. కాసేపు చూసి, "అవ్, గప్పుడు కరెంటు మస్తు పోతుండె" అంది.