ఫిల్టరుకు తెచ్చిన ఇసుక

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మంట. కళ్ళతో చూడనిదే దేన్నీ ఒప్పుకోను. చూసినదాన్ని కూడా ఇంకోసారి అనుమానిస్తాను. అరవైల మొదట్లో జరిగిన ఈ సంగతి చెబితే జనం నన్నే అనుమానిస్తారు. అనుమానించనీ.

నెల్లూరులో మా కాలేజీ జంతుశాస్త్ర విభాగంలో ఉప్పునీటి చేపలకు పెద్ద గాజు తొట్టి పెట్టాం. నీటిని వడకట్టే ఫిల్టరు ఏది కొనాలన్న దగ్గర నాకూ, తోటి లెక్చరర్ రాఘవయ్యకూ పేచీ వచ్చింది. బొగ్గూ దూదీ కుక్కిన డబ్బా చాలన్నాడాయన. చిల్లుల పలక మీద మందంగా ఇసుక పరిచి, గాలి పంపుతో నీటిని ఆ ఇసుకలోంచి లాగించే రకం కావాలన్నాను నేను. నా మాటే నెగ్గింది. పలకా పంపూ మద్రాసు నుంచి వచ్చాయి. రాఘవయ్య మొహం మాడ్చుకున్నాడు.

ఇసుక కోసం బోగోలు దగ్గర సముద్రపు ఒడ్డుకు వెళ్ళాను. అప్పుడే ఒక తెప్ప వేటకు దిగి వెళ్ళింది. దాన్ని ఈడ్చిన చోట ఇసుక గుల్లగా, శుభ్రంగా కనిపించింది. కాలేజీ నౌకరు చేత గోతాలకు ఎత్తించుకుని వచ్చాను.

తొట్టి బ్రహ్మాండంగా కుదిరింది. మర్నాడు పొద్దున చూస్తే, సమంగా పరిచిన ఇసుకలో ఏదో ఈడ్చినట్టు గాడి పడి ఉంది. ఎదుటి గాజు దాకా పోయి ఆగింది. చేపల పని అనుకుందామా, అవి వేలెడంత లేవు. ఇది రాఘవయ్య నిర్వాకమే అనుకున్నాను. ఇసుక చదును చేసి, గదికి నా సొంత తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నాను.

మర్నాడూ అదే గాడి.

ఆ పూటే, ఇసుక తెచ్చిన ఒడ్డునున్న పల్లె నుంచి ఒకావిడ నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వరండా మెట్టు కూడా ఎక్కలేదు.

"తెప్ప దిగిన చోట ఇసక, తెప్ప తిరిగొచ్చిందాకా తియ్యకూడదు సార్. మా ఊళ్ళో ఎవురూ తియ్యరు. తక్కిన తెప్పలన్నీ వచ్చేసినాయి, మా ఆయన రాలా. మా ఇసక మాకిచ్చేయండి సార్," అని ఏడ్చింది.

ఈమెను కూడా రాఘవయ్యే పంపించి ఉంటాడనుకున్నాను. ఇసుక తీస్తే నా ఫిల్టరు ఉత్త పలక. చేపలు చస్తాయి, ఆయన డబ్బా వస్తుంది. కానీ ఆమె రెండు చేతులూ జోడించి మెట్టు కిందే కూర్చుండిపోయింది. చేపలు పోతే పోయాయి, మనిషి కదా అనిపించింది. తొట్టి ఖాళీ చేసి, ఆమెతో పాటే బస్సెక్కి వెళ్ళి, తీసిన చోటే ఇసుక పోశాను.

పొద్దు వాలకముందే తెప్ప ఒడ్డుకొచ్చింది, దాని మీద ఆమె మొగుడు క్షేమంగా ఉన్నాడు. ఆమె అక్కడే కూలబడి భోరున ఏడ్చింది. సిగ్గెందుకు, నేనూ ఏడ్చాను.

గాలి పడిపోయిందా అని అతన్ని నేనే ముందు అడిగాను.

"గాలికేం సార్, బాగానే ఉండె. తెప్పే ముందుకు పోలా. నీళ్ళలో ఏందో అడ్డం. కంటికి కనపడదు, చెయ్యి పెడితే గాజు మాదిరి నున్నంగా తగలతా ఉండె. ఇందాకే ఉన్నట్టుండి తప్పుకునింది."

తొట్టి మాట అతనితో ఎవరూ అనలేదు. రాఘవయ్య నేర్పించాడనుకుందామంటే, మనిషి సముద్రం మీదే ఉన్నాడాయె. ఇన్నేళ్ళుగా ఈ ఒక్క మాటనూ అన్ని వైపుల నుంచీ అనుమానించి చూశాను. అబద్ధమని మాత్రం అనలేకపోతున్నాను.