కొండవీటి చెరువులో నావ

దయ్యాల కథలు దిండు కింద దాచుకుని చదివేదాన్నే గానీ, ఒక్కదాన్నీ నమ్మలేదు. రోజూ సాయంత్రం ప్రార్థన జరిగే ఇల్లు మాది. దయ్యం మాట ఎత్తితే నాన్నగారు ఊరుకోరు. ఇది మాత్రం ఆయన కూడా విన్నారు.

ఎనభైల మొదట్లో మాట. రాజోలులో బీయే పూర్తయింది. చరిత్రలో ఎమ్మే చదవాలని నా ఆశ. బడిపంతులైన నాన్నగారి దృష్టిలో అది దండగ చదువు.

గుంటూరులో చుట్టాల పెళ్ళికి వెళ్ళినప్పుడు ఒక రోజు ఖాళీ దొరికింది. సిగ్గు చంపుకుని, కొండవీడు చూద్దామని అడిగేశాను. రెడ్డిరాజులు ఏలిన కొండ మీది నగరం. అప్పటికే నా డైరీలో సగం దాని గురించే.

అత్తయ్యగారు పకపకా నవ్వారు. “మన కోనసీమలో కాకిని కొడదామన్నా రాయి దొరకదు కదరా తమ్ముడూ! పోనీలే, పిల్లని కడుపునిండా రాళ్ళు చూసుకోనీ.”

“సరేనమ్మా. ఒక రోజు పెట్టి చూడదగ్గదే అని నాకనిపిస్తే నీ ఎమ్మే సంగతి ఆలోచిద్దాం. లేదంటే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదు,” అన్నారు నాన్నగారు.

కొండ ఎక్కుతుంటే, శిఖరం నుంచి శిఖరానికి పాకిన గోడలు చూసి నా కాళ్ళు నేల మీద నిలవలేదు. నాన్నగారు “ఊఁ” అని ఊరుకున్నారు. ఇక ఎమ్మే లేనట్టే అనుకున్నాను.

పైన ఒక చెరువు ఉంది. అవతలి గట్టున కూలిన మండపం చూడ్డానికి నాన్నగారు ఒక్కరే చుట్టూ తిరిగి వెళ్ళారు. అంతలో మబ్బు దిగి చెరువంతా కమ్మేసింది. నాన్నగారు కనిపించలేదు.

అత్తయ్యగారు నవ్వుతూ, మా ఊరి రేవులో అవతలి ఒడ్డున ఉన్న నావని పిలిచినట్టే, నోటికి చేతులు అడ్డం పెట్టి కేకేశారు. “ఓహోయ్... నావోయ్!”

“ఆయ్! వచ్చేత్తన్నానండీ!” తెల్లటి మబ్బులోంచి మగగొంతు.

“మీ నాన్న వేళాకోళం చూడవే!” అన్నారు అత్తయ్యగారు.

ఆ వెంటనే నీళ్ళలో నావ నడిపే గడ వేసిన చప్పుడు. గాలి లేదు. అయినా మా కాళ్ళ దగ్గర గట్టుకి అలలు తగిలాయి. అత్తయ్యగారి నవ్వు ఆగిపోయింది.

మబ్బు విడిపోయింది. చెరువు ఖాళీగా ఉంది. నాన్నగారు గట్టు చుట్టూ దాదాపు పరుగున వచ్చారు.

“నావ ఏదక్కా?”

“పలికింది నువ్వు కాదా?”

“నేనెందుకు పలుకుతాను? చెరువు మధ్యలోంచి కదా పలికేడు! గడ చప్పుడు కూడా విన్నాను.”

దిగేటప్పుడు మేకలు కాసే ముసలామెని అడిగాం. ఆ చెరువులో పడవన్నది తానెప్పుడూ చూడలేదంది.

తిరుగు బస్సులో నాన్నగారు నా వైపు తిరిగి, “ఒక్క రోజు చాలదమ్మా. దరఖాస్తు తెప్పించుకో,” అన్నారు. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది.

ఎమ్మే పూర్తయింది. ఆ కొండ గురించి దొరికిందల్లా చదివాను. అంత ఎత్తున, మా గోదారి యాసలో ఎవరు పలికారో ఇప్పటికీ చెప్పలేను.

కొండవీడు ఒక రోజు పెట్టి చూడొచ్చా అని స్నేహితురాళ్ళు అడిగితే, తెల్లారగట్లే బయల్దేరమంటాను. అత్తయ్యగారు మాత్రం ఇప్పుడు మా రేవులో కూడా నావని పిలవరు. వేరెవరైనా వచ్చి పిలిచేదాకా ఒడ్డునే నిలబడతారు.