ప్రభ ఎక్కిన నారికురుపు మిషను

1944. నరసరావుపేటలో స్టేషన్ నుంచి బజారుకొచ్చే దారిలో, సోడా కొట్టుకూ దర్జీ కొట్టుకూ మధ్య ఇరుక్కున్న గడియారాల రిపేరు కొట్టు నాది. లోపల నేను కూర్చుంటే గిరాకీ బయట నిలబడాలి. గిరాకీ కూర్చుంటే నేను బయట నిలబడాలి. చదువు మూడో ఫారంతో సరి. నేను బడి మానేశానని మా ఇంట్లో అంటారు. బడే నన్ను మానేసిందని మా మేష్టారు అనేవారు. ఆ కేసు ఇంతవరకూ తేలలేదు.

యుద్ధం రోజులు. బయటి దేశం సామాన్లు రావటం ఆగిపోయింది. చచ్చిన గడియారాల గుండెకాయలు కోసి బతికున్న వాటికి అతికిస్తూ బతుకుతున్నాను. అలాంటప్పుడు డాక్టర్ శేషగిరి గారు నా కొట్టుకొచ్చి, బల్ల మీద ఒక సీసా పెట్టారు. లోపల సారాయిలో తెల్లటి దారం చుట్టలాంటిది.

"ఇదేమిటో చెప్పు బాజీ."

"మావోళ్ళకి తెలియకపోవటమేందండీ? నారిపురుగు. మీరు సీసాలో పెంచుతున్నారు, మేం కాళ్ళలో పెంచుతున్నాం."

నారికురుపు ఇప్పటి పిల్లలు ఎరగరు. దిగుడుబావి నీళ్ళు తాగిన మనిషి కాల్లో మూరకు పైగా పొడవుండే పురుగు పెరిగేది. ఒకనాటికి పొక్కు చితికి దాని కొస బయటికి తొంగిచూసేది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజుకు కాస్త కాస్త లాగాలి. తొందరపడితే తెగుద్ది. తెగితే లోపలి ముక్క చీము పట్టి, మనిషి నెలల తరబడి మంచం దిగడు.

డాక్టరు గారిది గురజాల వైపు. ఒక యూనివర్సిటీ వైద్య కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేసేవారు. బాంబుల భయానికి అక్కడి పని సగం మూతపడితే పేటలో అక్కగారింటికి వచ్చారు. ఆయన కొన్నేళ్ళుగా చూసిందేమంటే, ఈ పురుగు ఎంత లాగుడుకు తెగుద్ది, ఎంత లాగుడుకు చెప్పినమాట విని బయటికొస్తది అని. మనిషి చెయ్యి ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా లాగుద్ది. అదే తేడా. విడవకుండా, ఒకే తీరున, అతి నెమ్మదిగా లాగే వస్తువు కావాలి.

"అంటే అత్తగారి పోరు లాంటిదన్నమాట," అన్నాను.

ఆయన నవ్వలేదు. "నీ దగ్గర హెయిర్ స్ప్రింగులున్నాయా?" అన్నారు. హెయిర్ స్ప్రింగంటే గడియారంలో వెంట్రుకంత సన్నగా ఉండే చుట్ట. ఊదితే వణుకుద్ది.

మొదట చేసింది పురుగును వదిలేసి డాక్టరు గారి వేలిని లాగింది. తర్వాత కొన్ని పాడుచేశాక ఒకటి కుదిరింది. పిక్కకు కట్టే ఇత్తడి చట్రం, దాని మీద పురుగును చుట్టుకునే చిన్న కండె, కండెకు స్ప్రింగు, పక్కన రాచెట్. రాచెట్ అంటే ముందుకు తప్ప వెనక్కి తిరగని పళ్ళ చక్రం. పెళ్ళైన మగాడికి కొత్తగా చెప్పక్కర్లేదు.

దాన్ని మొదట కట్టింది పెదకోటయ్య మామ కాలికి. నాదెండ్ల దగ్గరి రైతు, వరసకు మామ. బండి మీద పడుకోబెట్టి తీసుకొచ్చారు. మిషను కట్టగానే చెవి దగ్గరికి కాలు లాక్కోబోయాడు.

"ఏందిరా, టిక్కుటిక్కుమనదేం?"

"గడియారం కాదు మామా. టైము నీకు చెప్పదు, పురుక్కి చెబుతది. నీ టైమైపోయింది, బయటికి నడువు అని."

తడిగుడ్డ వేసి ఉంచితే ఆ వారంలోనే పురుగు చెక్కుచెదరకుండా వచ్చేసింది. మామ లేచి నాలుగడుగులు వేసి, డాక్టరు గారి కాళ్ళ మీద పడి, లేచి నా నెత్తిన మొట్టాడు.

అసలు తికమక అక్కడ మొదలైంది. డాక్టరు గారు మమ్మల్నిద్దర్నీ కూర్చోబెట్టి పేటెంట్ సంగతి చెప్పారు. కొత్త వస్తువు కనిపెట్టినవాడు కలకత్తా ఆఫీసుకు కాయితాలు పంపితే, కొన్నేళ్ళపాటు అతని అనుమతి లేకుండా దాన్ని ఇంకెవరూ చేయకూడదని సర్కారు హక్కు ఇస్తది. మద్రాసులో ఆపరేషన్ సామాన్లు చేసే కంపెనీ ఒకటుంది. పేటెంటుంటేనే అచ్చులు పోయిస్తాం, లేకపోతే రేపు ఇంకొకడు చేసి అమ్ముతాడు, మాకేం లాభమన్నారు. అచ్చులు పోస్తేనే అన్ని ఆస్పత్రులకూ ఒకే తీరు మిషన్లు వెళ్తాయి. ఆయన ఇన్నేళ్ళ పని ఆ ఒక్కదాని మీద నిలబడి ఉంది.

"ఒక్కటే షరతు. కాయితాలు కలకత్తా చేరేదాకా జనానికి తెలియకూడదు. తెలిస్తే అది కొత్త వస్తువు కాదు, పేటెంటు లేదు."

నాకో అనుమానం వచ్చింది. "పరిశోధన యూనివర్సిటీ జీతం మీద చేశారు, స్ప్రింగు నాది, కాలు మామది. మరి మిషనెవరిదండీ?"

"యూనివర్సిటీ వాళ్ళు నా పేరున వేసుకోమన్నారు."

"మరి పురుగు నాది కాదా?" అన్నాడు మామ. "సంవత్సరం నా ఒంట్లో తిండి తిన్నది."

"పురుగు కూడా మీదే," అన్నారు డాక్టరు గారు విసుక్కుంటూ. "నోరు మాత్రం విప్పొద్దు."

మామ నిలువుగా తలూపాడు. ఆయన మాటంటే మాటే, అది నేనెరుగుదును.

డాక్టరు గారు బొమ్మలు గీయించి కాయితాలు సిద్ధం చేయించటానికి మద్రాసు వెళ్ళి, శివరాత్రికి తిరిగొచ్చారు. కాయితాలు చంకలోనే ఉన్నాయి. "మద్రాసులోనే పోస్టులో వేయలేకపోయారా?" అన్నాను.

"ఒకసారి కోటయ్య స్వామికి చూపించి వేద్దామని," అన్నారు.

ఇద్దరం బండెక్కి కోటప్పకొండ తిరునాళ్ళకు వెళ్ళాం. కొండ కింద ప్రభలు ఒకదాన్ని మించి ఒకటి. ఆకాశాన్ని గోకుతున్నట్టు వెదురు చట్రాలు, రంగు కాయితాలు, అద్దాలు, డప్పులు. మొక్కుకున్నవాళ్ళు ప్రభ కట్టి, ఊరంతా కలిసి ఎడ్లతో లాక్కొస్తారు. జనం ఇసకేస్తే రాలరు.

నాదెండ్ల వైపు నుంచి ఒక ప్రభ వచ్చింది. డాక్టరు గారు కళ్ళద్దాలు తుడుచుకుని చూశారు. నేను కళ్ళు తుడుచుకుని చూశాను. ప్రభ నడుమ, దేవుడి పటం కింద, మనిషంత చెక్క కాలు. దాని పిక్కకు చట్రం. చట్రానికి బండి చక్రమంత కండె, పక్కన పళ్ళ చక్రం. పైన అందానికి ఒక నెమలి. ఒకడు చట్రం మీద కూర్చుని తిప్పుతుంటే, చెక్క కాల్లోంచి పసుపు పూసిన మోకు మెల్లగా బయటికొచ్చి కండెకు చుట్టుకుంటోంది. రాచెట్ "టక్కు" మన్నప్పుడల్లా జనం "చేదుకో కోటయ్యా!" అని కొండ మీది స్వామికి కేక.

ప్రభ ముందు కొత్త పంచె కట్టుకుని, నయమైన కాలితో గంతులేస్తున్నది మా మామ.

పరుగెత్తి వెళ్ళి చొక్కా పట్టుకున్నాను. "ఏందిది మామా! ఎవరికీ చూపించొద్దన్నారు గదా!"

"ఎవరికి చూపించా?" మామ నిజంగానే ఆశ్చర్యపోయాడు. "దేవుడికి చూపించా. కాలు బాగైతే ప్రభ కడతానని మొక్కా. ఏం బాగుచేసిందో చూపించకుండా ఉత్త ప్రభ కడితే స్వామికి ఏం తెలుస్తది?"

"వెనకాల ఈ జనం?"

వెనక్కి తిరిగి, జనాన్ని అప్పుడే చూసినట్టు చూశాడు. "వాళ్ళు దేవుణ్ణి చూడ్డానికొచ్చారురా."

మర్నాడు ముగ్గురం పేటలో ప్లీడరు గారి వరండాలో కూర్చున్నాం. ఆయన మీసం దువ్వుకుంటూ, చట్టం ప్రకారం గుళ్ళో దేవుడు మైనరనీ, మైనరుకు చూపిస్తే జనానికి చూపించినట్టు కాదని వాదించవచ్చుననీ అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. "కానీ వెనకున్న జనంలో మేజర్లు ఉండే ఉంటారు," అని తనే దాన్ని కూర్చోబెట్టారు.

ఆఖరికి ఒక దారి చెప్పారు. ప్రభ మీద ఉన్నది మిషను కాదు, ఊరికే మోకు చుట్టే ఆటబొమ్మ అని పెదకోటయ్య రాసిస్తే చాలు. రేపు ఎవడైనా అడ్డం తిరిగినా అది చూపించొచ్చు.

మామ మొహం మాడిపోయింది. "ప్రాణమడగండి డాక్టరు గారూ, ఇస్తా. ఇది మాత్రం అడగమాకండి. స్వామికిచ్చింది మిషను కాదని రాస్తే, మొక్కు వెనక్కి తీసుకున్నట్టు గదా? పురుగు మళ్ళీ వస్తే?"

"పురుగు మొక్కు తప్పితే రాదు కోటయ్యా. బావి నీళ్ళతో వస్తుంది."

"సరే. పోయింది మిషను వల్లా, మొక్కు వల్లా? మీరు చదువుకున్నోళ్ళు. విడదీసి చెప్పండి, ఇప్పుడే వేలిముద్రేస్తా."

డాక్టరు గారు, "ఒక్క కాలుతో అది తేల్చలేం," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. అబద్ధమాడాల్సిన ఒక్క చోట ఈయన పరిశోధన చేస్తున్నారు!

అయినా ప్లీడరు గారు ఊరకే ఫీజు తీసుకునే మనిషి కాదు. "ప్రభ మీద కనపడనిది ఏదైనా ఉందా?" అన్నారు.

ఉంది. స్ప్రింగు బలం. ఎంత బలహీనంగా ఉండాలో అదే అసలు పరిశోధన. అది డాక్టరు గారికీ, దాన్ని చేసిన నాకూ తప్ప తెలియదు. దాని మీదే పేటెంటు వేద్దామంటే మద్రాసు కంపెనీ కూడా ఒప్పుకుంది. కాయితాలు మళ్ళీ రాయటం మొదలెట్టారు. "ఈసారి దేవుడికి చూపించొద్దండీ," అన్నాను. మొదటిసారి నవ్వారు.

ఈలోగా తిరునాళ్ళ చూసొచ్చిన ప్రతి ఊరి కమ్మరీ కంసాలీ తలా ఒక మిషను చేయటం మొదలెట్టారు. కొన్నింటికి నెమలి కూడా ఉంది. మందు దాంట్లోనే ఉందేమోనని అనుమానం.

ఒక పొద్దున డాక్టరు గారు కొత్త కాయితాలు పోస్టుకు తీసుకెళ్తూ నా కొట్టు దగ్గర ఆగారు. అప్పుడే కృష్ణ అవతలి ఒడ్డు నుంచి ఒక బండి మనిషి వచ్చి, అలాంటి మిషనే బల్ల మీద పెట్టాడు. చక్రం పట్టేసిందని రిపేరుకు తెచ్చాడు. డాక్టరు గారు చెయ్యి చాచారు.

"ముట్టకు పంతులూ! గిది అందరికి తెల్వది. మా ఊరి కంసాలి సొంత బుర్రతోని చేసిండు."

నేను నోరు తెరవబోతే డాక్టరు గారు నా కాలు తొక్కారు. "అలాగా? ఎట్లా పనిచేస్తుందో చెప్పు," అన్నారు. ఆ మనిషి కండె ఇది, పళ్ళ చక్రం ఇది అని ఓపిగ్గా పాఠం చెప్పాడు. డాక్టరు గారు మంచి విద్యార్థిలాగా విన్నారు. మా మేష్టారికి అలాంటి వాడొక్కడు దొరికితే నన్ను క్షమించేవారు.

విన్నాక స్ప్రింగును వేలితో నొక్కి చూశారు. మొహం మారింది. అది గోడ గడియారంలోంచి తీసిన ముక్క. ఎద్దునైనా లాగుద్ది.

"దీన్ని ఎవరికి కట్టారు?"

"మా పక్కింటాయనకు కడితే తెగింది. కాలు వాసింది, మంచంల పడ్డడు. మొన్న నా బిడ్డకు కొస కనవడ్డది. చక్రం బాగుచేసిస్తే ఇంటికి పోయినంక కడతం."

నేను డాక్టరు గారి చెవిలో అన్నాను: "ఇటివ్వమనండి. లోపల మెత్తటి స్ప్రింగు వేసిచ్చేస్తా. ఎవరికీ ఏం చెప్పక్కర్లేదు."

ఆయన సరేనన్నట్టే తలూపి, ఆ మనిషినే అడిగారు. "మీ కంసాలి ఇలాంటివి ఇంకా చేశాడా?"

"చానా చేసిండు. చుట్టుపక్కల ఊర్లన్నిటికి అవే."

డాక్టరు గారు చేతిలోని కవరును ఒకసారి చూసి, చంకలో పెట్టుకున్నారు. తర్వాత ఆ కవర్లో ఉన్న రహస్యాన్నే బజారంతా వినేటట్టు, క్లాసులో చెప్పినట్టు చెప్పారు. సోడా కొట్టువాడు విన్నాడు, దర్జీ విన్నాడు, స్టేషన్ నుంచొచ్చే జనం ఆగి విన్నారు.

"కండె దారానికి ఒక చింతగింజ కట్టి వదులు. స్ప్రింగు దాన్ని పైకి లేపాలి. రెండు గింజలు కడితే లేపకూడదు. లేపిందా, ఆ స్ప్రింగు పురుగును తెంపుతుంది, తీసెయ్యి. మీ కంసాలికీ చెప్పు, ఆ ఊళ్ళన్నిటికీ చెప్పు. కట్టినచోట గుడ్డ తడిగా ఉంచండి."

బండి మనిషి అనుమానంగా చూశాడు. "నీకెట్ల తెల్సు పంతులూ?"

"ఎక్కడో విన్నాను," అన్నారు డాక్టరు గారు.

నేను ఆ మిషనుకు మెత్తటి స్ప్రింగు వేసిచ్చాను. డాక్టరు గారు కవరు తీసుకుని పోస్టాఫీసు వైపు కాక, ఇంటి వైపు నడిచారు.

మద్రాసు కంపెనీ అచ్చులు పోయలేదు. డాక్టరు గారు తిరిగి కాలేజీకి వెళ్ళిపోయారు. చింతగింజ మాట విన్న ఊళ్ళలో పురుగులు సుఖంగా బయటికొచ్చాయని చెప్పుకున్నారు. ఆ మాట చేరని ఊళ్ళలో తెగుతూనే ఉన్నాయి. పేటెంటుంటే అందరికీ ఒకే తీరు మంచి మిషను వచ్చేదేమో. దానికోసం నోరు మూసుకుని ఉంటే ఆ పిల్ల కాలు ఏమయ్యేదో. ఎటు తిప్పి చూసినా నాకు లెక్క తెగలేదు.

ఈ కేసు వల్ల నేను నేర్చుకుందల్లా ఒకటే. మిషను చేయటం నా చేతిలో పనే. దాన్ని దాచాలో, చెప్పాలో తేల్చటం మాత్రం ఏ పనిముట్టుతోనూ కాదు. ఎదురుగా నిలబడ్డ మనిషి ఎవరి కాలు గురించి వచ్చాడో ముందు అడగాలి.