కాటా మామయ్య, ఎర్రదారం బస్తా

మా మామయ్య ఎవరినీ "బాగున్నారా?" అని అడగడు. "బరువెంత?" అని అడుగుతాడు. చెప్పినా నమ్మడు. షెడ్డు గుమ్మంలో ఉన్న కాటా ఎక్కించి, ముల్లు ఎక్కడ ఆగిందో చూశాకే కూర్చోమంటాడు. పోస్టుమాన్‌ని సంచీతో ఒకసారి, సంచీ లేకుండా ఒకసారి తూచి, "అయ్యో, ఇవాళ ఉత్తరాలు తక్కువొచ్చాయే" అని జాలిపడతాడు. పాలవాడైతే క్యాను వీధి మొగలోనే దించి పారిపోతాడు.

మా ప్రాంతంలో మొట్టమొదట ఆకాశంలోకి వెళ్లింది ఆయనే. బెలూన్లు తయారుచేసి, గ్యాసు నింపి, కింద వేలాడే బుట్టలో నిలబడి మేఘాల దాకా వెళ్లి రావడం ఆయన పని. పైకి లేవాలంటే కిందున్న ప్రతిదాని బరువూ తెలియాలని ఆయన వాదన. సబబే. దువ్వెన్ని కూడా తూచాలా అని మా అత్తయ్య వాదన. అదీ సబబే.

పెళ్లి మాట్లాడ్డానికి వెళ్లినప్పుడు, "అమ్మాయిని ఏమైనా అడుగు బాబూ" అన్నారట పెద్దవాళ్లు. "మీ బరువెంతండీ?" అన్నాడట మామయ్య. అత్తయ్య లోపలికెళ్లి తలుపేసుకుంది. "ఆ ప్రశ్న జన్మలో మళ్లీ అడగనంటేనే పెళ్లి" అని తలుపు వెనకనుంచే షరతు పెట్టింది. ఇరవై రెండేళ్లుగా ఆ షరతు అమల్లో ఉంది. మా ఇంట్లో కాటా ఎక్కనివి రెండే, అత్తయ్యా, గోడలూ.

మామయ్య తన మొదటి బెలూన్‌ని పాత గొడుగుల గుడ్డతో కుట్టాడు. అది పక్కింటి నీళ్ల ట్యాంకు దాకా లేచి, అక్కడే స్థిరపడింది. తర్వాత ఇంజనీరింగు చదివి కాలేజీలో పాఠాలు చెప్పాడు. ఒకరోజు క్లాసు చూడ్డానికొచ్చిన ప్రిన్సిపాల్ గారిని కాటా ఎక్కించి, "ఈ బరువు పైకి లేవాలంటే ఎంత గ్యాసు కావాలి?" అని పిల్లలకి లెక్క ఇచ్చాడు. పిల్లలందరికీ జవాబు సరిగ్గా వచ్చింది. మామయ్య ఉద్యోగం పోయింది.

ఆ తర్వాతే ఈ షెడ్డు. ఇక్కడే ఆయన, బెలూన్ నెత్తి మీదనుంచి గ్యాసుని కొంచెం కొంచెంగా వదిలే మూత కనిపెట్టాడు. అప్పటిదాకా బెలూన్లు దిగేవి కావు, పడేవి. అందుకు ఒక పెద్ద సంస్థ వాళ్లు పతకం ఇచ్చారు. మామయ్య దాన్ని తూచి, "పైకి తీసుకెళ్లడానికి పనికిరాదు" అని తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాడు.

మా నాన్న పోయాక నా చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. అమ్మ నన్ను ఈ తమ్ముడి దగ్గరికి పంపింది. బెలూన్లు కుట్టేది నేనే. ఒక్కో బెలూన్‌కి నలభై ఎనిమిది పట్టీలు, నడుము వెడల్పుగా, కొసలు సన్నగా. ఒక్క కుట్టు వదులైతే గ్యాసు బయటికి పోతుంది. అయిదేళ్లలో మూడు బెలూన్లు కుట్టాను, ఒక్కదాంట్లోనూ ఎక్కలేదు. ఎక్కాలని మాత్రం ఎంతో ఉండేది. అవి లేచిన ప్రతిసారీ నాకు తెలియకుండానే నా మడమలూ లేచేవి. కానీ అడగాలి కదా! నలుగురిలో మంచినీళ్లు కావాలని కూడా అడగలేని దాన్ని.

నన్ను మాత్రం రోజూ పొద్దునే తూచేవాడు.

"నలభై రెండుంబావు. నిన్నటికంటే పావుకిలో తక్కువ. రాత్రి తినలేదా?"

"తిన్నాను మామయ్యా."

"కాటా తినలేదంటోందే."

తూచిన వెంటనే వంటింట్లో గరిటె పట్టుకుని షెడ్డు వెనక్కి పోయేవాడు. అక్కడ ఎర్రదారంతో కుట్టిన ఇసుకబస్తా ఒకటి ఉండేది. ఒకరోజు దాంట్లో రెండు గరిటెల ఇసుక పోసేవాడు, ఒకరోజు రెండు తీసేసేవాడు. నేను కుట్టుమిషన్ దగ్గరనుంచి చూస్తూనే ఉండేదాన్ని. ఆయన పిచ్చిల్లో ఇదొకటి అనుకున్నాను.

పైకెళ్లినప్పుడల్లా ఆ బస్తా బుట్టలో ఉండాల్సిందే. బెలూన్ కిందికి జారితే మిగతా బస్తాల్లోని ఇసుక బయటికి ఒంపేవాడు కానీ దాన్ని ముట్టుకునేవాడు కాదు. తాళ్లు పట్టే పనివాళ్లు నవ్వేవాళ్లు. "ఏం బస్తానో ఏమో, నా గరిటె నాకిచ్చేస్తే అంతే చాలు" అనేది అత్తయ్య.

మూడో బెలూన్ తయారయ్యాక, మున్సిపాలిటీ ఛైర్మన్ గారు దాంట్లో ఎక్కి ప్రారంభిస్తానన్నారు. "ప్రజల్ని ఒకసారి పైనుంచి చూడాలని ఉంది" అన్నారు.

"గెలిచిన దగ్గర్నుంచీ అలాగేగా చూస్తున్నాడు" అంది అత్తయ్య నా చెవిలో.

మైదానంలో మామయ్య కాటా ముందుకు జరిపాడు. ఛైర్మన్ గారి సెక్రటరీ అడ్డుపడ్డాడు. "అయ్యగారిని తూస్తారా, బియ్యం మూటలాగా? అరవై అయిదు కిలోలు. కాగితం మీద సంతకం పెట్టించి ఇస్తాను, తీసుకోండి."

"సంతకం పైకి లేవదండీ."

అయినా జనం చూస్తున్నారు, బ్యాండు మోగుతోంది. అరవై అయిదుకి సరిపడా సర్ది, తాళ్లు వదిలారు. బెలూన్ కదల్లేదు. బ్యాండువాళ్లు పాట అయిపోతే మళ్లీ మొదలుపెట్టారు. ఛైర్మన్ గారి ఉపన్యాసం కట్ట దింపారు. తర్వాత పూలదండ, కోటు, చేతికర్ర, బూట్లు. బెలూన్ జానెడు లేచి, కాస్త ఆలోచించి, కూర్చుంది.

"కాగితం ప్రకారం ఈపాటికి మీరు మేఘాల్లో ఉండాలి" అన్నాడు సెక్రటరీ.

ఛైర్మన్ గారికి చెమటలు పట్టాయి. "ఆ ఎర్రదారం బస్తా పడేయవయ్యా!"

"అది బస్తా కాదండీ. ప్రయాణికురాలు."

"ఏంటీ?"

"ఈ బెలూన్ కుట్టిన పిల్లండీ. మా మేనకోడలు. పొద్దున కూడా సరిచూశాను, గరిటెడు తేడా లేదు. నోరు తెరిచి అడిగేదాకా ఆ చోటు తనది. అయిదేళ్లుగా అట్టే పెట్టాను."

నా మడమలు నేలకి అతుక్కుపోయాయి.

"నాకంటే ఇసుక ఎక్కువా?"

"చాలా తక్కువండీ. అందుకే లేస్తుంది."

"నేను దిగిపోతే ఈ మైదానంలో నీ బెలూన్ ఇంకెప్పుడూ కనపడదు, చూసుకో!"

"మీరు దిగితే ఎలాగూ కనపడదండీ, పైకెళ్లిపోతుంది."

ఆయన దిగారు. బెలూన్ ఎగిరిపడింది. పనివాళ్లు తాళ్లకి వేలాడుతూ ఆయన బదులు మామూలు బస్తాలు వేశారు. అప్పుడు మామయ్య నావైపు చూడకుండా, ఆకాశానికి చెబుతున్నట్టు అన్నాడు.

"ఎవరైనా అడిగితే ఒక చోటుంది."

అత్తయ్య నా వీపు మీద చెయ్యి వేసింది. తొయ్యలేదు, ఊరికే వేసింది.

"నేనొస్తాను మామయ్యా!"

ఎంత గట్టిగా అరిచానో, బ్యాండువాళ్లు వాయించడం ఆపేశారు.

"బరువెంత?" అన్నాడాయన.

"మీకు తెలీదా?"

"తెలుసులే. నీ నోట విందామని."

"నలభై రెండున్నర!" అన్నాను, ఊరందరూ వినేట్టు.

ఎర్రదారం బస్తా దిగింది, నేనెక్కాను. బెలూన్‌కి ఆ తేడానే తెలియలేదు. నేల కిందికి వెళ్లిపోతుంటే అత్తయ్య అరుపు ఒక్కటే పైకి వచ్చింది: "ఏవండీ, పిల్లని ఎంత బరువుతో తీసుకెళ్తున్నారో అంత బరువుతో దింపండి!"

ఛైర్మన్ గారు అన్నంత పనీ చేశారు. ఆ మైదానం మాకు మళ్లీ ఇవ్వలేదు. ఇప్పుడు ఊరి బయట బీడులోంచి ఎగురుతున్నాం. అక్కడ ఉపన్యాసాలుండవు కాబట్టి బరువు కలిసొస్తోందంటాడు మామయ్య.

మొన్న మిషన్ దగ్గరనుంచి చూస్తే, షెడ్డు వెనక ఆయన కొత్త బస్తా నింపుతున్నాడు. దీనికి పచ్చదారం. నా బస్తా కంటే బాగా పెద్దది. మాటిమాటికీ వంటింటి కిటికీలోకి తొంగిచూసి, అత్తయ్యని ఎగాదిగా చూసి, ఇంకో గరిటె పోస్తున్నాడు. షరతు ఉందిగా మరి, అంతా కంటి అంచనాయే.

నింపడం అయ్యాక మూతి కట్టబోయి ఆగాడు. అటూ ఇటూ చూసి, గబగబా అయిదు గరిటెలు తీసేశాడు. దువ్వెన్ని కూడా వదలకుండా తూచే మనిషి కావాలని లెక్క తగ్గించడం నేను చూడ్డం అదే మొదటిసారి.