దేవరాపల్లి పాలు

దీన్ని రాసిపెట్టాలని ఎందుకనిపించిందంటే, మా పని సవ్యంగా జరిగిన రోజున దాని ఆనవాలు మిగలదు. పాలు చల్లబడతాయి, లారీ ఎక్కుతాయి, ఎవరో ఎక్కడో తాగేస్తారు. ఆ ఉదయాన్ని కూడా అలా పోనివ్వబుద్ధి కాలేదు.

సైన్యంలో బండ్లు బాగుచేసే దళంలో పనిచేసి, పింఛనుతో చోడవరం వచ్చాక, ఊళ్లలో పాలు చల్లబరిచే ట్యాంకుల్ని చూసుకునే ఒక సంస్థలో కుదిరాను. ఏ మెకానిక్కు ఎటు వెళ్లాలో ఫోనులో చెప్పడం నా పని. కాలేజీ మెట్లెక్కినవాణ్ణి కాను. చలి యంత్రాల సంగతంతా మా ఊరి గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నాను. యంత్రం చల్లదనాన్ని పుట్టించదు, పాలలోని వేడిని మోసుకెళ్లి బయట పారేస్తుంది అని చదివిన సాయంత్రం, ఇంటికి నడుస్తుంటే ఊరంతా వేడిని చేతులు మార్చుకుంటున్నట్టు కనిపించింది. టీ గ్లాసు నుంచి వేలికి, గోడ నుంచి గాలికి.

ఆ ఉదయం చోడవరాన్ని మంచు కప్పేసింది. ఆఫీసు కిటికీలోంచి చూస్తే రోడ్డు లేదు, చెరకు ట్రాక్టర్ల దీపాలు మాత్రం గాల్లో తేలుతూ పోతున్నాయి. నా ముందున్నది చోడవరమో, ఒకప్పుడు సైన్యంలో నేనున్న కొండ ప్రాంతమో కాసేపు తెలియలేదు. అప్పుడు ఫోను మోగింది. దేవరాపల్లిలో పాలకేంద్రం నడిపే ఆవిడ.

"బాబూ, ట్యాంకు ఫేను తిరగట్నేదు. పాలన్నీ పోసేసేం. మొన్నోపాలి ఇరిగిపోతేనే సగం మంది మానేస్తామన్నారు. ఇయ్యాల కూడా ఇరిగితే ఇంక మా కేంద్రానికి ఎవులొస్తారు?"

మా మెకానిక్కు అప్పుడు కె.కోటపాడు కేంద్రంలో ఉన్నాడు. ఫ్యాను తిరగకపోతే పాలలోంచి లాగిన వేడి బయటికి పోదు, దాని మోటారే కాలిపోయి ఉండాలి. కొత్త ఫ్యాను మోటారు విశాఖపట్నం నుంచి మధ్యాహ్నానికి గాని రాదు. అంతసేపు పాలు ఆగవు. సైన్యంలో మాకొక పద్ధతి ఉండేది. విడిభాగం దొరకనప్పుడు, ఊరికే నిలిచి ఉన్న బండిలోంచి తీసి కదలాల్సిన బండికి పెట్టేవాళ్లం. కె.కోటపాడు పాలు అప్పటికే లారీ ఎక్కేశాయి. సాయంత్రం దాకా ఆ ట్యాంకు ఖాళీయే.

"అక్కడి మోటారు విప్పి దేవరాపల్లి పట్టుకెళ్లు" అని మెకానిక్కుకు ఫోను చేసి చెప్పాను.

"ఏటి సార్, నడస్తన్న బండి సక్రం పీకి ఆగిన బండికెట్టమంటన్నారా? మిలట్రీ బుద్ధులు పోనేదు మీకు" అని మెకానిక్కు నవ్వాడు.

అక్కడి కేంద్రం పెద్దాయన ఫోను లాక్కున్నాడు. "పట్టుకెళ్తే పట్టుకెళ్లండి బాబూ. ఆళ్లవీ పాలే కదా. సాయంత్రానికి మోటారు రాకపోతే మాత్రం మా గేదెలన్నిట్నీ తోలుకొచ్చి మీ ఆఫీసులో కట్టేస్తాను."

"కట్టండి, పాలు నేనే పిండుకుంటాను" అన్నాను.

ఆ తర్వాత నాకు పని లేదు. మనిషిని పంపినవాడికి మిగిలేది ఎదురుచూపే. కళ్లు మూసుకుంటే, చెరకు తోటల మధ్య తెల్లటి నిశ్శబ్దంలో ఒక బైకు పోతూనే ఉంది. ఎంతకీ ఊరు రాదు.

ఫోను మోగింది. "ఇనండి సార్" అని మెకానిక్కు దాన్ని యంత్రం దగ్గర పెట్టాడు. ముందు గిన్నెల చప్పుడు. తర్వాత సన్నటి హోరు, నిద్రలో ఊపిరిలా. చాలాసేపటికి ఆవిడ గొంతు.

"సల్లబడతన్నాయి బాబూ. ఇరగనేదు."

కొత్త మోటారు సాయంత్రం పాలవేళకు ముందే కె.కోటపాడు చేరింది. మర్నాడు పొద్దున్న ఆవిడే ఫోను చేసింది. "అందరూ వచ్చేరు. మానేస్తానన్నోళ్లే ముందొచ్చేరు."

పేర్లు రాయొద్దన్నారు గనుక పేర్లు లేకుండానే దండాలు పెడుతున్నాను. ఉన్న మోటారు విప్పి ఇచ్చిన పెద్దాయనకు, మంచులో వెళ్లిన మెకానిక్కుకు, చలి యంత్రాల పుస్తకం వెతికి చేతిలో పెట్టిన గ్రంథాలయం ఆవిడకు, ఇంకొక్క పొద్దు చూద్దామని పాలు తెచ్చిన దేవరాపల్లి ఆడవాళ్లకు.