మరక మీద సున్నం

గోడ మీద మరక కనబడితే మా చిన్నమ్మ చెయ్యి ఊరుకునేది కాదు. చుట్టపుచూపుగా పోయిన ఇంట్లో కూడా సున్నం కుంచె అడిగి పుచ్చుకునేది.

ఆ ఏడు గద్వాల దగ్గర, కృష్ణ ఒడ్డున, జనాన్ని నది దాటించే ఇనుప లాంచీ కడుతున్నారు. ఒక అరలోకి నీళ్లొస్తే పక్క అరలోకి పోకుండా లోపల ఇనుప అడ్డుగోడలు పెట్టారు. వాటి అతుకులకు ఒకవైపు సున్నం పూసి, రెండోవైపు కిరోసిన్ రాస్తారు. సందుంటే సున్నం మీద మరక తేలుతుంది. ఆ సున్నం పనికి చిన్నమ్మను పిలిచారు. ఆమెకు సద్ది తీసుకుని నేనూ వెళ్లాను.

మధ్య గోడ మీద అరచెయ్యంత మరక తేలింది. తెల్లవారితే ప్రారంభోత్సవం.

"దాని మీద ఇంకో పూత కొట్టమ్మా, ఎవరు జూస్తరు?" అన్నాడు కాంట్రాక్టరు.

చిన్నమ్మ సున్నం బకెట్ ఇసుకలో బోర్లించింది.

"ఇంటి గోడైతే నువ్వు చెప్పకముందే కొడుతుంటి. గీ లాంచీల మావోళ్లు ఎక్కుతరు. మల్ల అతుకేయించు. నేనైతే కొట్టనంటే కొట్ట."

"నువ్వు గాకపోతే ఇంకొకరిని పిలుస్త!"

చిన్నమ్మ లోపలికి పోయి, సరిగ్గా ఆ మరకకే వీపు ఆనించి చతికిలబడింది.

"పిలువు. ముందుగాల నా మీద కొట్టమను సున్నం."