అడుగుమట్టిలో తుంగ

లోవలక్ష్మి నేసిన చాప మీద ఒక్కసారి పడుకున్నవాడికి ఇంక పరుపు మీద నిద్ర పట్టదని ఊళ్లో అందరికీ తెలుసు. ఆ సంగతి చెప్పింది లోవలక్ష్మే. ఇంకొకరు పొగిడేదాకా ఆగే ఓపిక ఆమెకి లేదు.

తాళ్ళరేవు అవతల, ఉప్పుగాలి తగిలే ఆ ఊళ్లో చాపమగ్గాలన్నీ ఊరి తుంగమడుగు మీదే బతికేవి. తొంభైయారు తుఫానుకి కాలవగట్టు తెగి గుర్రపుడెక్క మడుగులోకి వచ్చిపడింది. రెండేళ్లు తిరిగేసరికి నీళ్లే కనిపించనంతగా పరుచుకుంది. ఆ ఊదాపూలు చూసి బస్సుల్లో పోయేవాళ్లు ముచ్చటపడేవారు గానీ, దాని కింద ఎండ తగలక తుంగంతా కుళ్లిపోయింది. మగ్గాలు అటకెక్కాయి. పనికిరాని మడుగుని రొయ్యల చెరువుకి కౌలుకిచ్చేద్దామన్నాడు ప్రెసిడెంటు దొరబాబు.

లోవలక్ష్మి పంచాయతీ అరుగు ముందుకొచ్చి నిలబడింది. "తుంగ పోలేదండి. గింజ మట్టిలో నిద్రపోతోంది. డెక్క పీకేస్తే అదే లేస్తుంది."

"ఎప్పటికి లేస్తుందేంటి?"

"వినాయకచవితికి."

"లేవకపోతే?"

"రొయ్యలకే ఇచ్చుకోండి. మగ్గం విరిచి పొయ్యిలో పెట్టుకుంటాను."

మగ్గానికి ఇద్దరుండాలి. ఒకరు తుంగపుల్ల అందిస్తే ఒకరు అచ్చు కొట్టి బిగించాలి. లోవలక్ష్మికి పుల్ల అందించే బేబి, ఇంటికొచ్చే దారిలో నెత్తి కొట్టుకుంది. "నీ మగ్గం సరే అక్కా, మా అందరి మగ్గాలూ కూడా నీ పొయ్యిలోనే పెట్టేశావు గదా."

"మంట బాగా వస్తుందిలే, నడు."

మర్నాటి నుంచే ఆడవాళ్లందరూ మడుగులో దిగారు. ఎండలు ముదిరేలోగా డెక్కంతా పీకి గట్టున పోశారు. నీళ్లు పోవడానికి తూము దగ్గర నడుంలోతు గొయ్యి తవ్వారు. తవ్విన మట్టి ఎవరు తోలుకుపోతే వాళ్లదే, ఆ ఊరి అలవాటు అది. ఆ మట్టిని చర్చి పెద్ద జీవరాజు ట్రాక్టరు పెట్టి తోలించి, చర్చి ఆవరణలో పల్లం పూడ్పించాడు.

తొలకరి పడింది. మడుగు నిండా సన్నటి ఆకులు, పచ్చగా, గడ్డిలాగా లేచాయి. లోవలక్ష్మి ఒళ్లు పులకరించిపోయింది. బిందెడు పానకం కలిపి వీధంతా పంచింది. దొరబాబు ఇంటికి కూడా గ్లాసుడు పట్టుకెళ్లి, తాగేదాకా అక్కడే నిలబడింది.

మరో వారానికి ఆ సన్నటి ఆకులు గుండ్రంగా తిరిగాయి. కాడలు బుడ్డల్లా ఉబ్బాయి. మొలిచింది తుంగ కాదు, డెక్క. పీకిన డెక్క తన గింజలన్నీ మట్టిలో వదిలేసి మరీ పోయింది. దాని పసిమొక్క అచ్చం గడ్డిలాగే ఉంటుందని ఎవరికి తెలుసు?

"పానకం మటుకు బాగుంది లోవలక్ష్మీ, మిరియాలు సరిపోయాయి," అన్నాడు దొరబాబు నడిరోడ్డు మీద.

లోవలక్ష్మి తలొంచుకుని ఇంటిదారి పట్టింది. తలుపేసుకుని ఇంట్లో కూర్చుంది. చవితి దగ్గరికొస్తోంది.

ఆ శనివారం పొద్దున్నే బేబి తలుపు బాదింది. చేతిలో ఓ పచ్చటి కాడ ఉంది. "అక్కా, చర్చి దగ్గర గడ్డి పీకుతున్నారు. రేపు బిషప్ గారొస్తారని. నేనూ పీకాను. అక్కా, ఇది చూడు."

లోవలక్ష్మి ఆ కాడ అందుకుని వేళ్ల మధ్య దొర్లించింది. గడ్డయితే గుండ్రంగా దొర్లేది. ఇది ఆగి ఆగి తిరుగుతోంది. మూడు పలకలు, తుంగకుండేవి.

జుట్టు ముడేసుకోకుండానే పరుగెత్తింది. చర్చి ఆవరణలో సగం అప్పటికే శుభ్రమైపోయింది. మిగిలిన సగంలోకి వెళ్లి తుంగ మధ్యన చతికిలబడింది.

జీవరాజు కంగారుగా వచ్చాడు. "ఎన్ని ఆదివారాలు పిలిచినా ఒక్కసారి రాలేదు గదండీ. ఇవాళ వచ్చి లేవనంటే ఎలాగండి?"

"పాట పాడమంటే పాడతాను. లేవమంటే మటుకు లేవను. ఇది గడ్డి కాదు జీవరాజుగారూ, తుంగ. ఈ మట్టి ఎక్కడిదండి?"

"తూము దగ్గరిదే గదండీ, మీరు తవ్విందే. ట్రాక్టరు తిరగేస్తే అడుగునున్న నల్లమట్టి పైకొచ్చి పడింది."

లోవలక్ష్మి ఆ నల్లమట్టిని గుప్పిట పట్టి నలిపి చూసింది. పైన డెక్క గింజ. దాని అడుగున తుఫానుకి ముందటి గింజ, మడుగు తుంగది. ఇన్నాళ్లూ అది లేవలేకపోయిందంటే చావడం వల్ల కాదు, నెత్తిన డెక్క కూర్చోవడం వల్ల.

"బేబీ, పారలు. అందరి పారలూ పట్రా."

"ఈ తుంగ సంగతేంటండి మరి?" అన్నాడు జీవరాజు.

"ఉండనివ్వండి. కోతకొచ్చాక బిషప్ గారికి చాప నేసిస్తాను. నా మాట మీద నమ్మకం లేకపోతే బేబిని అడగండి."

"అక్క మాట మీద నాకూ లేదండి," అంది బేబి, అప్పటికే గేటు దాటుతూ.

మడుగులో పైనున్న బెత్తెడు మట్టీ డెక్క మొలకలతో సహా గీరి గట్టుకి ఎత్తారు. నల్లమట్టి ఎండ చూసింది, తర్వాత వాన చూసింది. లోవలక్ష్మి ఈసారి పానకం కలపలేదు. రోజూ పొద్దున్నే గట్టు మీద గొంతుక్కూర్చుని, ఒక్కొక్క మొలకా వేళ్ల మధ్య దొర్లించి చూసేది.

చవితినాడు పత్రి కోసుకుందామని వచ్చిన దొరబాబు గట్టు మీద ఆగిపోయాడు. మడుగంతా కాదు గానీ, తూము పక్కనుంచి నడిమధ్య దాకా నిలువుగా, సన్నగా, దట్టంగా లేచి ఉంది. చెప్పులు విడిచి దిగి, ఒక కాడ తెంపి వేళ్ల మధ్య దొర్లించాడు. మళ్లీ దొర్లించాడు.

"ఇంట్లో పాత చాప చిరిగిపోయింది. కొత్తది ఎప్పటికిస్తావు?" అన్నాడు, మొహం అటు తిప్పుకుని.

"ముందు బిషప్ గారిదండి," అంది లోవలక్ష్మి. "ఆ తరవాత మీరు. ఈలోగా మీ కాళ్ల దగ్గరున్న ఆ డెక్క మొలక, తుంగ తొక్కకుండా పీకి అవతల పారేయండి, ఎలాగూ దిగారు గదా."